ట్రైనింగ్ నుంచి వచ్చాక సార్ పద్ధతి మారింది, పాప నోట్‌బుక్ మాత్రం ఖాళీ. ఫిర్యాదు చేయాలా?

ప్రాణహిత_ఒడ్డు

మాది సిరొంచ తాలూకా. పిల్లలిద్దరూ ఊళ్లోని జిల్లా పరిషత్ మరాఠీ బడికే వెళ్తారు. బాబు నాలుగో తరగతి, పాప రెండో తరగతి. బాబు వాళ్ల సార్ పాతకాలం మనిషి. బోర్డు నిండా రాస్తాడు, పిల్లలు ఎక్కించుకుంటారు, మర్నాడు ఒప్పజెప్పకపోతే నిలబెడతాడు. మనమంతా చదివిన చదువే.

పాప వాళ్ల సార్ వయసులో చిన్నవాడు. ఈమధ్య గడ్చిరోలిలో ఏదో శిక్షణకు వెళ్లొచ్చాడు. వచ్చిన వారంలోనే బెంచీలు బయట పెట్టించాడు. గచ్చు మీద రంగులతో గళ్లు, అంకెలు, వృత్తాలు గీయించాడు. పిల్లలు గుంపులుగా కింద కూర్చుని సీసా మూతలు, ఐస్‌క్రీమ్ పుల్లలు పేర్చుకుంటూ ఉంటారు. సార్ కూడా వాళ్ల మధ్యే బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు.

చూడటానికి బాగానే ఉంది. కానీ పాప నోట్‌బుక్ తెరిస్తే జూలైలో రాసిన నాలుగు పేజీలు తప్ప ఏమీ లేదు. హోంవర్క్ ఏదమ్మా అంటే "ఈరోజు దుకాణం ఆట ఆడినం" అంటుంది. మా ఎరువుల దుకాణం ఇంట్లోనే ఉంది, ఆ ఆటకు బడిదాకా పంపడం దేనికి?

నిజంగానే అడుగుతున్నా. ట్రైనింగుల్లో ఇలాగే చెప్పమని నేర్పుతారా, లేక ఇది ఈ సార్ సొంత పైత్యమా? అక్కడే నేర్పితే బాబు వాళ్ల సార్‌కు ఎందుకు అంటలేదు? ఆయనా వెళ్లొచ్చాడు కదా! బడి కమిటీలో ఫిర్యాదు పెట్టమని మా ఆవిడ పోరుతోంది.

గుడ్డిగుర్రం

ఖాళీ నోట్‌బుక్ వచ్చే ఏడాదికి పనికొస్తుంది. ఇందులో ఫిర్యాదేముందన్నా, పొదుపు.

గుణుపురం_గోల

ట్రైనింగ్ అంటే రెండు పూటలా టీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సంతకం, గ్రూప్ ఫోటో. మా ఒడిశాలోనూ ఇదే తంతు. ఫోటోలో వెనక బ్యానర్ మీద తారీఖు మారుతుంది, మిగతాదంతా పాతదే. దాంతో ఒక మనిషి పాఠం చెప్పే తీరు మారిందంటే నేను నమ్మను. ఆ సార్ పుట్టుకతోనే అలాంటివాడై ఉంటాడు.

కిన్వట్_సార్

నేను నాందేడ్ జిల్లాలో జెడ్పీ టీచర్ని. కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిక పట్టండి.

ప్రాణహిత అన్నా, అది ఆ సార్ పైత్యం కాదు. మహారాష్ట్రలో 2015 జూన్ 22న 'ప్రగత్ శైక్షణిక్ మహారాష్ట్ర' జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) వచ్చింది. దానితోపాటే జ్ఞానరచనావాదం అనే మాట ప్రతి మీటింగులో వినబడటం మొదలైంది. చదువు మనం పోస్తే పిల్లల బుర్రలోకి దిగదు, చేతులతో చేస్తూ, పక్కవాడితో మాట్లాడుతూ వాళ్లే కట్టుకోవాలి అన్నది అందులోని సారం. సతారా జిల్లా కుమఠే బీట్ (ఒక పర్యవేక్షణ పరిధి)లోని బడులు ఈ పద్ధతిలో నడుస్తున్నాయని తెలిసి, రాష్ట్రం నలుమూలల నుంచి టీచర్లు బళ్లు కట్టుకుని చూడటానికి వెళ్లారు. గచ్చు మీద గీతలు అక్కడి నుంచే ఊరూరికీ అంటుకున్నాయి.

అయితే చాలాచోట్ల అంటుకున్నది రంగు వరకే. మా కేంద్రం (బడుల క్లస్టర్)లోనే ఒక బడిలో గచ్చంతా ముచ్చటగా పెయింట్ వేయించారు. కొన్నాళ్లకు ఎవరో దాత డెస్కులు ఇచ్చాడు. ఇప్పుడు ఒకటి నుంచి వంద దాకా అంకెలన్నీ డెస్కుల కాళ్ల కింద ఉన్నాయి, పిల్లలు డెస్కుల మీద కూర్చుని బోర్డు చూసి రాసుకుంటున్నారు. అధికారి వస్తున్నాడని కబురొస్తే డెస్కులు గోడకు జరుపుతారు.

నా సంగతి కూడా చెప్తా. మా డీఎడ్ (టీచర్ శిక్షణ కోర్సు)లో పాఠ్యపథకం రాయించి ప్రాణం తీసేవారు. హెర్బార్ట్ పేరుతో చలామణీ అయ్యే ఐదు సోపానాలు, పేజీకి నడుమ గీత, ఎడమ పక్క టీచర్ చేసేది, కుడి పక్క పిల్లలు చేసేది. మొదటి పోస్టింగ్ ఓ తండాలో వచ్చింది. ఇద్దరు టీచర్లం, నాలుగు తరగతులు. ఒకటి, రెండు కలిపి నాకు. పిల్లలు ఇంట్లో లంబాడీ, బజార్లో తెలుగు, బడిలో మరాఠీ. మొదటి సోపానం దాటకముందే సగం మంది కిటికీలోంచి మేకల్ని చూస్తూ ఉండేవాళ్లు. అప్పుడు నన్ను ఆదుకున్నది రెండేళ్ల డీఎడ్ కాదు, పక్క గదిలోని హెడ్మాస్టర్. ఆయన ఎలా చేస్తే నేనూ అలాగే చేశా. ఆయన బోర్డు మీద రాసి చూచిరాత రాయించేవాడు, నేనూ రాయించా. మీ బాబు వాళ్ల సార్ కథ కూడా ఇంచుమించు ఇదే అయ్యుంటుంది.

ఫిర్యాదు పెట్టే ముందు ఒక పని చెయ్. పాపకు ముప్పై నాలుగు పుల్లలు విడిగా ఇచ్చి ఎన్నో చెప్పమను. ఒక్కొక్కటే లెక్కపెడుతుందా, పదేసి కట్టలు కడుతుందా చూడు. బాబును మూడు వందల నలభైలో పదులు ఎన్ని ఉన్నాయో అడుగు. వచ్చి ఇక్కడ చెప్పు.

గుడ్డిగుర్రం

"బళ్లు కట్టుకుని" దగ్గరే నా మనసు ఆగిపోయింది. టీచర్ల టూరా అది, సినిమా షూటింగా?

చాక్‌పీస్

దెగ్లూర్ నుంచి. డీఎల్‌ఎడ్ (డీఎడ్‌కు ఇప్పటి పేరు) రెండో ఏడాది. గోల గారు ఉద్యోగంలో ఉన్నవాళ్లకు పెట్టే ట్రైనింగుల గురించి మాట్లాడుతున్నారు, ఉద్యోగానికి ముందు చేసే కోర్సు వేరు. దాని మీద నాకు మిశ్రమంగా ఉంది.

మైక్రో టీచింగ్ అని ఒకటి ఉంటుంది. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మొదలైంది. మనవాళ్లు దాన్ని 36 నిమిషాల చక్రంగా చేశారు. 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు మంచిచెడ్డలు చెప్పడం, 12 నిమిషాల్లో పాఠం మళ్లీ సిద్ధం చేసుకోవడం, 6 నిమిషాలు మళ్లీ పాఠం, 6 నిమిషాలు మళ్లీ మంచిచెడ్డలు. ఒకసారికి ఒకే నైపుణ్యం. ప్రశ్నలు అడగడం ఒకరోజు, బోర్డు వాడకం ఇంకోరోజు. పిల్లలుగా కూర్చునేది మా క్లాస్‌మేట్లే. నా స్నేహితురాలు రెండో తరగతి పిల్లలా "టీచర్, వీడు గిచ్చిండు" అని గొంతెత్తితే మా మేడం "ఈరోజు నైపుణ్యానికి సంబంధం లేనివి వద్దు" అని కసిరారు. ఇంటర్న్‌షిప్‌కు బడికి వెళ్తే మొదటి గంటంతా గిచ్చిన కేసులే.

అలాగని దండగ అనను. ప్రశ్న వేసి క్లాసంతా చూసి ఆ తర్వాత పేరు పిలవాలి అని అక్కడే నేర్చుకున్నా. పేరు ముందు పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. రెండో ఏడాది కనీసం 16 వారాలు బడిలోనే ఉండాలి. ఆ బడి టీచర్ మొదటిరోజే చెప్పారు: "మీ చార్టులు పరీక్షాధికారి వచ్చే రోజుకు దాచుకోమ్మా, నలిగిపోతాయి." ఇప్పుడు నా డౌటేంటంటే, ఉద్యోగం వచ్చాక నేను మా మేడంలా చెప్తానా, ఆ టీచర్‌లా చెప్తానా?

గుణుపురం_గోల

ఆ టీచర్‌లానే చెప్తావు. రాసిపెట్టుకో.

రాయగడ_రమణి

గోల గారూ, అంత తేల్చిపారేయకండి.

నేను రాయగడలో ప్రైవేటు బడి టీచర్ని. డిగ్రీ అవగానే చేరిపోయా, ఏ శిక్షణా లేదు. 2017లో విద్యాహక్కు చట్టానికి సవరణ వచ్చింది, 2019 మార్చి 31 లోపు అర్హత తెచ్చుకోకపోతే ప్రైవేటు వాళ్లకైనా ఉద్యోగం ఉండదని. నాలాంటివాళ్లు దేశమంతా లక్షల మంది ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) డీఎల్‌ఎడ్‌లో చేరారు. నేనూ తిట్టుకుంటూనే చేరా. సెలవు రోజుల్లో కాంటాక్ట్ క్లాసులు, రాత్రుళ్లు అసైన్‌మెంట్లు, ఇంట్లో సణుగుడు.

అప్పటిదాకా నేను పాఠం చెప్పి "అర్థమైందా?" అనేదాన్ని. క్లాసంతా "అయిందీ" అనేది. అందరూ ఒకే రాగం. సరే అనుకుని తర్వాతి పేజీ. కోర్సులో ఒక మేడం మా అందరికీ ఒక పని ఇచ్చారు. ప్రశ్న వేశాక మనసులో మూడు లెక్కపెట్టండి, అప్పటిదాకా నోరు విప్పొద్దు. మేరీ బడ్ రో అనే అమెరికన్ ఆవిడ ఎప్పుడో గమనించిందట, టీచర్లు ప్రశ్న వేసి సగటున సెకను కూడా ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లలు పొడుగు జవాబులు చెప్తున్నారని. వినడానికి తేలికే. మొదటిరోజు నాకు ఆ మూడు సెకన్లు భరించడమే చేతకాలేదు, జవాబు నా నోట్లోంచే వచ్చేసేది. తర్వాత్తర్వాత వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని, ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే ఒక పిల్ల "నదికి వాన లేకపోయినా నీళ్లెక్కడివి?" అని తిరిగి నన్నే అడిగింది. శిక్షణ లేకపోతే ఆ ప్రశ్న నా క్లాసులో పుట్టేదే కాదు.

గుణుపురం_గోల

అక్కా, బాగుంది. కానీ మూడు సెకన్లు ఆగమని చెప్పడానికి రెండేళ్ల కోర్సు, ఫీజు, పరీక్షలు కావాలా? ఒక వాట్సాప్ మెసేజ్ చాలు.

రాయగడ_రమణి

వాట్సాప్‌లో రోజుకు వంద మంచి మాటలు వస్తాయి, ఎన్ని ఆచరించారు?

గుడ్డిగుర్రం

గోల గారు మూడు సెకన్లు ఆగి జవాబిస్తారు, అందరూ వేచి ఉండండి.

పర్లాకిమిడి_పెద్దాయన

గోల బాబు 'పుట్టుకతోనే' అన్నాడు. పూర్తిగా కొట్టిపారేయను గానీ, సగమే నిజం.

మా ఊళ్లో గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆయనకు ఏ డైటూ (జిల్లా టీచర్ శిక్షణ సంస్థ) ఆ పని నేర్పలేదు. అయితే ఒంటరిగా కూర్చుని కనిపెట్టిందీ కాదు. 1907 ప్రాంతంలో యేట్సు దొర స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా ఈ జిల్లాలకు వచ్చి, బడిలో భాష నేర్పే పద్ధతుల మీద ప్రశ్నలు లేవనెత్తాడు. గిడుగు, గురజాడ, విశాఖలో శ్రీనివాస అయ్యంగారు, యేట్సు, ఈ నలుగురి మాటల్లోంచే వ్యావహారిక భాషోద్యమం లేచింది. అంటే పిల్లలకు పాఠం ఎలా చెప్పాలి అన్న దగ్గరే కదా మొదలైంది. ఇన్‌స్పెక్టరంటే రిజిస్టర్లు తిరగేసేవాడు కాకుండా, పాఠం గురించి మాట్లాడేవాడు దొరికితే టీచరు ఎంత దూరం వెళ్లగలడో చెప్పడానికే ఈ పాత కథ తవ్వాను.

ఇంకొకటి. మాకు పాతపట్నం పక్కనే. 1980లు, 90లలో ఆంధ్రాలో బ్రిటిష్ వాళ్ల సాయంతో ఏపీపెప్ అని ప్రాథమిక విద్యా పథకం నడిచింది. టీచర్లకు ఆరు సూత్రాలు నేర్పేవారు. కృత్యాలు టీచరే తయారుచేసుకోవడం, చేసి నేర్చుకోనివ్వడం, ఒక్కరుగా, జట్టుగా, క్లాసంతా కలిసి పని చేయించడం, పిల్లల మధ్య తేడాలు పట్టించుకోవడం, ఊరి పరిసరాలు వాడుకోవడం, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించడం. మా బావమరిది అక్కడ టీచరు. ఆయన బడికి వెళ్తే గది అడ్డంగా పురికొసలు కట్టి కాగితం బొమ్మలు వేలాడదీసి ఉండేవి, నాలాంటి పొడుగువాడికి తలకు తగిలేవి. ఆరో సూత్రం అందరికీ ఇట్టే వచ్చింది, కంటికి కనబడుతుంది కనక. నాలుగోది, పిల్లల మధ్య తేడాలు పట్టించుకోవడం, ఎంతమంది చేశారో ఆ దేవుడికెరుక. కిన్వట్ సార్ చెప్పిన గచ్చు రంగుల సంగతీ అదే.

ఇన్ని చెప్పినా ఎక్కాలు మాత్రం నోటికి రావలసిందే. ఈ కొత్త పద్ధతుల వాళ్లు దాన్ని పాపంలా చూడటం నాకు నచ్చదు.

కిన్వట్_సార్

మాస్టారూ, ఎక్కాలు వద్దని ఎవరన్నారు? ఏడు మూళ్లు ఇరవై ఒకటి అని చెప్పి, ఏడు కుప్పలు మూడేసి పెట్టమంటే దిక్కులు చూస్తే ఏం లాభం అంటున్నాం.

పర్లాకిమిడి_పెద్దాయన

ముందు నోటికి రానీ, తర్వాత కుప్పలు వాడే పెడతాడు. మేమంతా అలా నేర్చుకున్నవాళ్లమే.

కిన్వట్_సార్

నేర్చుకున్నవాళ్లు ఇక్కడ రాస్తున్నారు మాస్టారూ. మధ్యలో బడి మానేసినవాళ్లు ఏ ఫోరంలో రాస్తారు?

నిర్వాహకుడు

ఒక పోస్టులో బడి పేరు, టీచర్ పేరు రాశారు, తీసేశాను. ఎవరి గురించైనా రాయండి, పేర్లు వద్దు. మరోసారి జరిగితే ఈ చర్చ మూసేస్తా.

పరీక్షల_పీడ

నేను ఎంఎడ్ చేసి కొన్నాళ్లు శిక్షణ ఇచ్చే పనిలోనే ఉన్నా, ఒడిశా వైపు. గోల గారి కోపం అర్థమవుతుంది. రాష్ట్రంలో కొందరికి చెప్తే వాళ్లు జిల్లాకు, జిల్లా వాళ్లు బ్లాకుకు, బ్లాకు వాళ్లు క్లస్టర్‌కు చెప్తారు. కాలువ పక్క మడికి నిండుగా పారిన నీళ్లు చివరి మడికి తడి మాత్రమే అయినట్టు, క్లస్టర్‌కు వచ్చేసరికి పీపీటీ మిగులుతుంది, ఆ పీపీటీ ఎందుకు చేశారో తెలిసినవాడు మిగలడు.

చాక్‌పీస్ అడిగినదానికి పుస్తకాల జవాబు కూడా ఉంది. డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లోనే అన్నాడు, టీచర్ కాబోయేవాడు అప్పటికే వేల గంటలు విద్యార్థిగా కూర్చుని టీచర్లను చూసేసి ఉంటాడు, అదే అతని అసలు శిక్షణ అని. రెండేళ్ల కోర్సు దాని మీద పైపూత. తొందరలో ఉన్నప్పుడు, పిల్లలు గోల చేసినప్పుడు లోపలున్న పాత సార్ బయటికొస్తాడు.

మరి శిక్షణ దేనికీ పనికిరాదా? ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల 'స్థాయికి తగ్గ బోధన' మీద జరిగిన పరిశోధనలు చూడండి. బీహార్‌లో ప్రభుత్వ టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేస్తే బడి వేళల్లో పెద్ద తేడా రాలేదు. అలాంటి టీచర్లే వేసవి శిబిరాల్లో సిలబస్ గొడవ లేకుండా అదే పద్ధతి వాడితే పిల్లలకు చదవడం వచ్చింది. అంటే వాళ్లకు రాక కాదు, బడిలో వీలు చిక్కక. 2012-13లో హర్యానాలో పద్ధతి మార్చారు. రోజూ ఒక గంట విడిగా కేటాయించారు. ఆ గంటలో పిల్లల్ని తరగతి ప్రకారం కాక, ఎవరికి ఎంత చదవడం వచ్చో దాని ప్రకారం కూర్చోబెట్టారు. బడులు తిరిగే బ్లాకు సిబ్బందికి కూడా అదే శిక్షణ ఇచ్చారు. అప్పుడు పిల్లల హిందీ చదువు మెరుగుపడింది. నా అభిప్రాయంలో శిక్షణ కన్నా ఆ గంట ముఖ్యం, ఆ గంట చూడటానికి వచ్చే మనిషి ముఖ్యం.

కిన్వట్_సార్

ఆ మనిషి దగ్గరే మాకు చిక్కు. మా దగ్గరికి వచ్చేవాళ్లు పాఠం చూడరు. మధ్యాహ్న భోజనం రిజిస్టరు, ఆధార్ నమోదు, ఫలానా దినోత్సవం ఫోటోలు గ్రూపులో పెట్టారా లేదా. ఒకే ఒక్క కేంద్రప్రముఖ్ (క్లస్టర్ బడులు చూసే అధికారి) మాత్రం వచ్చి, "మీరు కూర్చోండి, ఈ పాఠం నేను చెప్తా" అని సుద్దముక్క తీసుకున్నాడు. పిల్లలు ఆయన్నీ ఆడుకున్నారు. ఆ తర్వాత ఇద్దరం వేపచెట్టు కింద కూర్చుని ఎక్కడ తప్పిందో మాట్లాడుకున్నాం. నా సర్వీసులో శిక్షణ అని చెప్పుకోదగ్గది అదే.

మాస్టారు ఏపీపెప్ అన్నారు కాబట్టి ఒక తెలుగు గొప్ప చెప్పుకుంటా. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు ఒకే గదిలో అన్ని తరగతులు ఉండే చిన్న బడుల కోసం మెట్లు మెట్లుగా కార్డులు తయారుచేశారు. కర్ణాటక నలి-కలికీ, తమిళనాడు ఏబీఎల్‌కూ (రెండూ ప్రభుత్వ బడుల్లో చేసి నేర్చుకునే పద్ధతులే) దారి చూపింది అదే. అక్కడికి శిక్షణకు వెళ్లినవాళ్లు హాల్లో కూర్చుని ఉపన్యాసం వినరు, నడుస్తున్న బడిలో పిల్లల పక్కన కూర్చుంటారు. తేడా అక్కడుంది.

గుణుపురం_గోల

మీరంతా టీచర్ వైపు నుంచే మాట్లాడుతున్నారు. చట్టం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. ఒకరు ట్రైనింగ్‌కు వెళ్తే మిగిలినవాడు ఐదు తరగతులు చూడాలి. మా ఊళ్లో ఆ రోజుల్లో పిల్లలు తొమ్మిదికి వెళ్లి అన్నం తిని ఇంటికొచ్చేస్తారు. కొత్త విద్యా విధానంలో ఏడాదికి 50 గంటల శిక్షణ అన్నారు. ఆ 50 గంటలు మా పిల్లల ఖాతాలోంచి పోతున్నాయా, టీచర్ సెలవుల్లోంచా? అది చెప్పండి ముందు.

చాక్‌పీస్

చాలావరకు ఇప్పుడు కేంద్రం వాళ్ల దీక్షా యాప్‌లోనే కదా సార్, నిష్ఠా అనే టీచర్ శిక్షణ కోర్సులు. బడి మానక్కర్లేదు.

రాయగడ_రమణి

మానక్కర్లేదు, చూడనక్కర్లేదు కూడా. వీడియో పొయ్యి పక్కన నడుస్తూ ఉంటుంది, పప్పు ఉడికేసరికి మాడ్యూల్ అయిపోతుంది. చివరి క్విజ్ జవాబులు గ్రూపులో ముందే వచ్చేస్తాయి. సర్టిఫికెట్ మాత్రం రంగుల్లో వస్తుంది. ఇందులో నేను గోల గారి పక్షమే.

గుణుపురం_గోల

ఈ పోస్టుకు ఫ్రేము కట్టించుకుంటా.

జివతి_జాడ

మా దగ్గర ఈ చర్చకు సరిపోయే వింత ఒకటుంది. చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో కొన్ని ఊళ్లు మావంటే మావని మహారాష్ట్ర, తెలంగాణ రెండూ అంటాయి. రేషన్ కార్డులు రెండు, ఓట్లు రెండు. కొన్ని ఊళ్లలో బడులూ రెండు, ఒకటి మరాఠీ, ఒకటి తెలుగు. ఒకే ఇంటి పిల్లలు అన్న ఇటు, చెల్లి అటు.

తెలంగాణ వైపు 2022లో తొలిమెట్టు మొదలైంది, ఇటు నిపుణ్ పేరుతో నడుస్తోంది. రెండింటికీ తల్లి ఒకటే, 2021లో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్. మూడో తరగతి పూర్తయ్యేలోపు చదవడం, లెక్కలు రావాలని. టీచర్లిద్దరూ చేసేది పైకి దాదాపు ఒకటే, అక్షరాల కార్డులు, కథల చార్టులు, వారం వారం పరీక్ష. కానీ నేను చూసిన ఊళ్లో మరాఠీ బడి సార్ బంజారా కుటుంబం నుంచి వచ్చినవాడు. కథ మరాఠీలో చదువుతూ మధ్యలో లంబాడీలో "ఇప్పుడు నక్క ఏం చేస్తుంది చెప్పండ్రా" అంటాడు. గది దద్దరిల్లిపోతుంది. తెలుగు బడి టీచర్ కూడా అంతే బాగా శిక్షణ తీసుకున్నాడు, కార్డులు ఇంకా నీట్‌గా పెట్టుకున్నాడు, కానీ పిల్లలు అతను ఆగినచోటల్లా ఆగుతారు, అంతే. అదే తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలుంటే తారుమారయ్యేది. శిక్షణ ఇచ్చేవాళ్లు ఏ టీచర్ ఏ పిల్లల ముందు నిలబడతాడో చూడకుండా అందరికీ ఒకే కార్డుల కట్ట ఇస్తారు.

పరీక్షల_పీడ

ఒడిశాలో దీనికి ఒక ప్రయత్నం జరిగింది. 2006-07 నుంచి సవర, కువి, కోయ లాంటి పది గిరిజన భాషల్లో మొదలుపెట్టి, ఆ భాష తెలిసిన టీచర్లతో చిన్న తరగతులు నడిపారు. తర్వాత భాషలు ఇంకా పెరిగాయి. సరిగ్గా నడిచిన చోట టీచరు తీరులో తేడా గదిలో అడుగుపెట్టగానే తెలుస్తుంది. పిల్లలే ఎక్కువ మాట్లాడుతుంటారు.

రాయగడ_రమణి

అందులో మన తెలుగు పిల్లలు రారు, గిరిజన భాష కాదు కదా. రాయగడ, గుణుపురంలో తెలుగు ఇళ్ల పిల్లలు మొదటి ఏడాదంతా ఒడియాకు తల ఊపుతూ కూర్చుంటారు. వాళ్ల కోసం టీచర్‌కు ఏ శిక్షణా లేదు.

ప్రాణహిత_ఒడ్డు

కిన్వట్ సార్ చెప్పిన పరీక్ష పెట్టాను. పాప పుల్లలు చూడగానే రబ్బరు బ్యాండ్లు అడిగింది. మూడు కట్టలు కట్టి పక్కన నాలుగు పెట్టింది. ఇంకో ఆరు ఉంటే ఇంకో కట్ట అవుతుంది నాన్నా అంది, నేను అడగకుండానే. కాగితం మీద 34 రాయమంటే రాసింది కానీ పెన్సిల్ పట్టుకోవడం సరిగా లేదు, అంకె వంకరగా పోయింది. బాబు ఎక్కాలు ఇరవై దాకా గడగడా చెప్పాడు. మూడు వందల నలభైలో పదులు ఎన్ని అంటే "నాలుగు" అన్నాడు, ముప్పై నాలుగు అని తోచలేదు. మళ్లీ అడిగితే ఏడుపు మొహం పెట్టాడు.

కాబట్టి ఫిర్యాదు మానుకున్నా. కానీ రాత సంగతి ఏంటి? పుల్లలతో పెళ్లి చూపుల దాకా వెళ్లలేం కదా.

ఇంకో విషయం. బాబు వాళ్ల సార్‌ను టీ దగ్గర కలిశా. మీరెందుకు ఆ పద్ధతి పట్టలేదు అని మెల్లగా అడిగా. ఆయనేమన్నాడంటే, "నేనూ గచ్చు రంగులు వేయించా, మీ ఊళ్లోనే. నలుగురు తండ్రులు వచ్చి ఐదులో నవోదయ పరీక్ష ఉంది, ఆటలు ఆపి చదువు చెప్పండి అన్నారు. అందులో మీ అన్న కూడా ఉన్నాడు." నాకు నోట మాట రాలేదు.

గుడ్డిగుర్రం

అయితే తండ్రులకు ట్రైనింగ్ పెట్టించండి. టీ, భోజనం, బ్యానర్ నేను చూసుకుంటా.

కిన్వట్_సార్

రాత గురించి నీ మాట న్యాయమే. ఈ పద్ధతి సగం నేర్చుకున్నవాళ్లు రాయించడమే నేరం అనుకుంటారు. కట్టలు కట్టిన వెంటనే అదే గచ్చు మీద సుద్దతో, తర్వాత పలక మీద, తర్వాత నోట్‌బుక్‌లో రాయించాలి. కుమఠే వెళ్లొచ్చినవాళ్లూ అదే చెప్పారు. కమిటీలో ఫిర్యాదులా కాకుండా, రోజూ ఒక పేజీ రాయించమని అడుగు. పిల్లలు కట్టిందే రాయాలి, బోర్డు మీదిది కాదు. ఆ సార్ కాదనడు.

పర్లాకిమిడి_పెద్దాయన

ఎక్కాలు కూడా అడగండి.

పరీక్షల_పీడ

ఒక పీరియడ్ వెనక కూర్చుంటానని కూడా అడగండి. పాప క్లాసులో ఒకరోజు, బాబు క్లాసులో ఒకరోజు. ఇద్దరు సార్లనూ ఒకరి క్లాసులో ఒకరు కూర్చోమని హెడ్మాస్టర్ చేత చెప్పించగలిగితే ఇంకా మంచిది. దానికి జీఆర్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

గుణుపురం_గోల

ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటే రెండో క్లాసు ఎవరు చూస్తారు? మళ్లీ నా లెక్క దగ్గరికే వచ్చారు.

ప్రాణహిత_ఒడ్డు

ఆ గంట పిల్లలకు కథ చదివి వినిపించడానికి నేను వస్తా. మరాఠీ చదవడం వచ్చు. కానీ కథల పుస్తకాలు బడిలో బీరువాకు తాళం వేసి ఉన్నాయి, చిరిగితే ఎవరు బాధ్యులని.

చాక్‌పీస్

అన్నా, స్టోరీవీవర్ అని ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ ఉంది. మరాఠీ, తెలుగు, ఒడియా అన్నింట్లో చిన్న పిల్లల కథలు ఉచితం, స్థాయిల వారీగా ఉంటాయి. ఒకే కథ మరాఠీలోనూ తెలుగులోనూ దొరికేవి కొన్ని వెతికి పంపుతా. ఇంటర్న్‌షిప్‌లో వాటినే వాడా. మీ దగ్గర ప్రింటర్ ఉందా?

ప్రాణహిత_ఒడ్డు

దుకాణంలో ఉంది, నలుపు తెలుపు. పంపమ్మా. ఒకటో స్థాయి ముందు, బాబుకు పెద్దవి వేరే ఫైల్లో పెట్టు.

రాయగడ_రమణి

నాకూ పంపు చాక్‌పీస్. ఒడియా, తెలుగు జత. కువిలో ఉంటే అదీ.